బెడ్‌ఫర్డు కోట

ఇంగ్లండు దేశమున లండను నగరమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, గ్రేట్ ఊజ్ నదీతీరమున బెడ్‌ఫర్డు పట్టణము కలదు. అచ్చట ఏటి చేరువ పచ్చికతో నిండిన మట్టిదిబ్బ యొకటి కానవచ్చును. ఒకప్పుడు రాజశాసనమునే ధిక్కరించిన కోటకు మిగిలిన ముఖ్యమైన గురుతు అదియే.

ఈ కోట 12వ శతాబ్దిలో బీచమ్ వంశీయుల అధీనమున నుండెను. 1215లో జాన్ రాజునకును సామంతులకును యుద్ధము సంభవింపగా, రాజపక్షమున పోరాడిన ఫాక్స్ డి బ్రోతే అను సేనాని దానిని పట్టుకొనెను. రాజు కోటను అతనికే యొసగెను. ఫాక్స్ దానిని బలపరచగోరి, ప్రక్కనున్న సెయింట్ పాల్ చర్చిని కూలద్రోయించి, ఆ రాళ్లను కోటకు వాడుకొనెను.

1216లో జాన్ మరణింపగా, అతని కుమారుడు మూడవ హెన్రీ బాల్యముననే రాజయ్యెను. ఫాక్స్ పరుల భూములను అక్రమముగా ఆక్రమించెనని 1224లో న్యాయాధిపతులు తీర్పు చెప్పిరి. అందుకు ఫాక్స్ సోదరుడు విలియం ఆగ్రహించి, హెన్రీ డి బ్రేబ్రూక్ అను న్యాయాధిపతిని పట్టి తెచ్చి కోటలో బంధించెను. తీర్పు చెప్పిన వానినే చెరపట్టిన యెడల రాజ్యమున న్యాయమెట్లు నిలుచును? 16 ఏండ్ల రాజు వెంటనే సేనలతో వచ్చి కోటను ముట్టడించెను.

ముట్టడి సుమారు 8 వారములు సాగెను. యంత్రములు గోడలపై పెద్ద రాళ్లను విసరుచుండగా, త్రవ్వకపు పనివారు పునాదుల క్రింద సొరంగములు త్రవ్విరి. పై బరువు ఆగుటకై మొదట కొయ్య గుంజలు నిలిపి, పని ముగిసిన పిదప వానికి నిప్పంటింతురు. గుంజలు కాలినంతనే పునాది క్రుంగి గోడ బీటలు వారును. ఆగస్టు నెలలో కోట నడిమి బురుజు ఈ విధముననే చీలెను. లోపలివారు లొంగిపోయిరి. న్యాయాధిపతికి విముక్తి కలిగెను. కాని శిక్ష మిక్కిలి కఠినమైనది: 80 మందికి పైగా ఉరితీయబడిరి. ముట్టడి వేళ కోటలో లేని ఫాక్స్ దేశమునుండి వెడలగొట్టబడి, 1226లో మరణించెను.

మరల ఎవ్వరును ఆ గోడల చాటున నిలిచి శాసనమును ఎదిరింపకుండునట్లు, కోటను కూల్చివేయుమని రాజు ఆజ్ఞాపించెను. కందకములు పూడ్చబడెను. బీచమ్ వంశీయులకు అచ్చట నివాసగృహము నిర్మించుకొనుటకు అనుమతి లభించెనే గాని, కోట కట్టుకొనుటకు లభింపలేదు. కూల్చిన రాళ్లలో కొంతభాగము సెయింట్ పాల్ చర్చి మరల కట్టుటకై ఇయ్యబడెను. ఆ చర్చి పలుమారులు మార్పులు చెంది, నేటికిని పట్టణ మధ్యమున నిలిచియున్నది. దానిని కూల్చి పెంచిన కోట మాత్రము మట్టిదిబ్బయై మిగిలినది.