రిటైరయ్యాక చియాంగ్ మైలో కాపురమా? ముందు మార్చినెల చూసి రండి!

"డాక్టరుగారూ, ఇల్లు బేరం పెట్టేశాం. మా ఆవిడ మందులు ఓ ఏడాదికి సరిపడా రాసివ్వండి!"

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన నా గదిలోకి వస్తూనే అన్న మాటలివి. ఆయనకు అరవై మూడు. ఆవిడకు యాభై తొమ్మిది; ఇరవై ఏళ్ళుగా ఉబ్బసం. డిసెంబరులో ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై నగరం చూసివచ్చి దంపతులిద్దరూ మనసు పారేసుకున్నారు.

పారేసుకోదగ్గ ఊరే లెండి. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన లాన్నా రాజధాని. చుట్టూ చదరంగా కందకం, లోపల వీధికొక బౌద్ధాలయం, పడమటి కొండమీద దోయి సుతేప్ బంగారు స్తూపం. మన కార్తీక పౌర్ణమి రోజుల్లోనే వాళ్ళూ నదిలో దీపాలు వదులుతారు. ఏప్రిల్లో వచ్చే వాళ్ళ కొత్త సంవత్సరం పేరు సోంగ్‌క్రాన్. అది మన "సంక్రాంతి" మాటే!

"ఇల్లమ్మే మాట ఆపి, మార్చినెలంతా అక్కడ ఉండి రండి" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

ఎందుకన్నానో చెబుతాను. చియాంగ్ మై కొండల మధ్య గిన్నెలాంటి పల్లంలో ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల అడవులు తగలబడతాయి. రైతులు మొక్కజొన్న మోళ్ళు కాలుస్తారు. సరిహద్దు దాటి మయన్మార్, లావోస్ పొగ కూడా వస్తుంది. పైన వెచ్చటి గాలి మూతలా పరుచుకోవడంతో ఆ పొగ పైకి పోలేక ఊరిమీదే నిలిచిపోతుంది. డిసెంబరులో కళ్ళముందు కనిపించిన కొండ మార్చిలో మాయమౌతుంది!

కొండ కనిపించకపోతే పోనివ్వండి. చిక్కంతా పొగలోని సన్నటి రేణువులతోనే. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని ఈ రేణువులు ముక్కులో ఆగవు, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరి, కొన్ని రక్తంలోకీ జొరబడతాయి. ఘనపు మీటరు గాలిలో ఇవి రోజు సగటున 15 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అక్కడ చెడ్డరోజుల్లో 100 దాటుతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి గుండెపోటు భయం పెరుగుతుంది. గుడ్డ మాస్కు ఈ రేణువుల్ని ఆపదు. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్-95 కావాలి. పడకగది తలుపులు మూసి, గాలిని వడగట్టే యంత్రం పెట్టుకోవాలి. మూడు నెలలు గదిలో కూర్చోవడానికా అంతదూరం వెళ్ళడం?

ఇన్‌హేలరు ఎన్నిసార్లు వాడిందీ ఆవిడను ఒక చీటీమీద రోజూ రాయమన్నాను. డిసెంబరులో వారానికి ఒక్కసారి. మార్చి మూడో వారానికి రోజుకు నాలుగుసార్లు! నాలుగో వారం పూర్తికాకముందే తిరిగివచ్చేశారు.

ఊపిరితిత్తులు బాగున్నవారూ కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. వానాకాలంలో అక్కడ డెంగ్యూ ఉంది. ఆ దోమ పగటిపూట కుడుతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప, నొప్పికని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మింగకండి, రక్తస్రావం కావచ్చు. గుండెకోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారు సొంతంగా మానెయ్యకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

తిండి సంగతి. ఉత్తరాన జిగట అన్నం తింటారు; చక్కెర వ్యాధి ఉన్నవారికి అది రక్తంలో చక్కెరను గబుక్కున పెంచుతుంది. కూరన్నింటా చేపసాస్. ఒక పెద్ద చెంచాడులోనే రోజు మొత్తానికి పనికొచ్చే సోడియంలో సగానికి మించి ఉంటుంది. రక్తపోటు ఉన్నవారు జాగ్రత్త. శాకాహారులు ఎర్ర అక్షరాల పసుపుపచ్చ జెండా ఉన్న "జే" హోటళ్ళు వెతుక్కోవాలి. అక్కడ చేపసాసే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా పడవు. మా అమ్మమ్మ ఉంటే సంతోషించేది! మాంసాహారులు పచ్చి పందిమాంసంతో చేసే "లాబ్" జోలికి పోవద్దు. అందులోని ఒక సూక్ష్మజీవి మెదడు పొరలకు వాపు తెచ్చి శాశ్వతంగా చెవుడు మిగల్చగలదు. పచ్చి మంచినీటి చేపలో కాలేయాన్ని పట్టే పురుగు ఉంటుంది.

డబ్బు మాట ఆఖరున చెబుతున్నా, చిన్నది కాదు. యాభై నిండినవారికి రిటైర్మెంట్ వీసా ఇస్తారు. బ్యాంకులో 8 లక్షల బాట్‌లో, నెలకు 65,000 రాబడో చూపమంటారు. నిబంధనలు మారుతుంటాయి కనుక రాయబార కార్యాలయంలో అడగండి. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం థాయ్ పౌరులది, మనది కాదు. డెబ్బై దాటాక కొత్త ఇన్సూరెన్సు దొరకడం కష్టం, ఉన్న జబ్బును కంపెనీలు సాధారణంగా మినహాయిస్తాయి. ఇల్లమ్మకముందే పాలసీ కాగితం చదవండి. మందుల పేర్లు కంపెనీవి కాకుండా అసలు పేర్లతో రాయించుకోండి. నిద్రమాత్రలకూ మత్తుగల నొప్పిమందులకూ అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి. అంబులెన్సుకు 1669 గుర్తుంచుకోండి.

ఆ దంపతులు ఇల్లమ్మలేదు. కార్తీక దీపాలకు వెళ్ళి, సంక్రాంతికి ఇంటికొచ్చేస్తున్నారు. ఆవిడ చీటీ రాయడం మాత్రం మానలేదు.