పాత పేజీ చూసి వెనక్కి రాకండి!

అమ్మాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగు (2021కి ముందు మనం ఎంసెట్ అన్నామే, అదే!). గడువు పెంచారని ఎవరో చెబితే పల్లె నుంచి బస్సెక్కి గిద్దలూరులో నెట్ సెంటరుకు వెళ్లారనుకోండి. కంప్యూటరులో పాత తేదీలే ఉన్నాయి. "అయిపోయిందక్కా!" అంటాడు అక్కడి అబ్బాయి. వెంటనే నిట్టూర్చి లేచిపోకండి. అతను అబద్ధమాడలేదు, తెరమీద ఉన్నదే చదివాడు. అది ఇవాళ్టి పేజీ అవునా కాదా అన్నదే అసలు సంగతి.

ఒకసారి తెరిచిన పేజీని కంప్యూటరు తన దగ్గర దాచిపెట్టుకుంటుంది. దీన్నే 'క్యాష్' అంటారు. మన కొంగున కట్టే క్యాష్ కాదు లెండి, దాచడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు వైపు ఆడవాళ్లకి దాచుకోవడం గురించి వేరే చెప్పాలా? ట్యాంకరు వచ్చినప్పుడు డ్రమ్ములు నింపుకుంటాం. చెంబెడు నీళ్లకి ప్రతిసారీ వీధిలోకి పరుగెత్తం కదా! కంప్యూటరు చేసేదీ అదే. ఎన్నాళ్లు దాచుకోవచ్చో వెబ్‌సైటువాళ్లు సెకన్ల లెక్కన చెప్పగలరు. 86,400 అంటే ఒక రోజు. ఈలోగా అక్కడ తేదీ మారినా, ఇక్కడ పాత డ్రమ్ములో నీళ్లే పోస్తుందన్నమాట!

అందుకని, "బాబూ, ఒకసారి కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కు" అనండి. మామూలుగా ఎఫ్5 ఒక్కటే నొక్కితే ఒక్కోసారి చాలదు. రెండూ కలిపి నొక్కితే దాచినది పక్కనపెట్టి పేజీని కొత్తగా తెస్తుంది. అప్పటికీ మారకపోతే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కాలి. వచ్చే పెట్టెలో 'క్యాష్‌డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్' అన్నచోట మాత్రమే టిక్కు ఉంచమనండి. పాస్‌వర్డుల దగ్గర కూడా టిక్కు పెట్టి తుడిచేస్తే, పాపం ఆ అబ్బాయికి రోజంతా తంటా!

తెర మూలన తేదీ, టైమూ సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూడండి. గడియారం వెనకబడితే, కంప్యూటరు పాతదాన్నే తాజాదనుకునే ప్రమాదం ఉంది.

పెద్ద ఆఫీసుల్లో మరో చిక్కు. అన్ని కంప్యూటర్లకూ కలిపి మధ్యలో 'ప్రాక్సీ' అనే ఉమ్మడి ట్యాంకు ఉండొచ్చు. పాతది అందులోనే ఉంటే పక్క సీటులో చూసినా అదే కనిపిస్తుంది. అప్పుడు మీ ఫోను తీయండి. ఆఫీసు వైఫై కాకుండా మీ సొంత డేటాతో ఆ పేజీ తెరవండి. ఫోనులో కొత్త తేదీ వస్తే తప్పు ఆఫీసు వైపుదే, ధైర్యంగా చూపించండి. ఫోనులోనూ పాతదే ఉంటే, బహుశా వెబ్‌సైటువాళ్లే ఇంకా మార్చలేదు. ఇక ఎన్ని మీటలు నొక్కినా లాభం లేదు. పేజీలో ఉన్న హెల్ప్‌లైన్ నంబరుకి ఫోను చేసి అడగాల్సిందే.

డౌన్‌లోడు చేసి ఉంచిన షెడ్యూలుతోనూ జాగ్రత్త! కిందటి వారం దించుకున్న కాగితం కంప్యూటరులో అలాగే పడి ఉంటుంది. దాన్ని తెరిచి చూపిస్తే ఏ మీటా పనిచేయదు, వెబ్‌సైటు నుంచి మళ్లీ దించాలి. ప్రింటు ఇచ్చాక దానిమీద ఇవాళ్టి తేదీ ఉందని నిశ్చింతగా మడిచి సంచిలో పెట్టుకోకండి. పైన అంచున పడే తేదీ ప్రింటు తీసిన రోజుది, షెడ్యూలు మారిన రోజుది కాదు సుమా!