సైడ్ ముందే అడగొద్దు

ఎనిమిదో తరగతిలో ఉండగా ఆగస్టు 15కి మా స్కూల్లో డిబేట్ పెట్టారు. టాపిక్ అందరికీ తెలిసిందే, మొబైల్ ఫోన్ వరమా శాపమా. నేను శాపం వైపు. టీచర్ రాసిచ్చిన రెండు పేజీలు బట్టీ పట్టి, అద్దం ముందు పదిసార్లు చెప్పుకుని వెళ్లాను. నాకంటే ముందు మాట్లాడిన అమ్మాయి, "మా నాన్న కైకలూరులో చెరువు గట్టు మీద నుంచే రొయ్యల రేటు కనుక్కుంటారు, ఫోన్ లేకపోతే ఎలా?" అంది. దానికి నా కాగితంలో జవాబు లేదు. రెండు పేజీలూ అప్పజెప్పి దిగిపోయాను. ఫస్ట్ ప్రైజ్ నాకే ఇచ్చారు.

అది డిబేట్ కాదని, వక్తృత్వం పోటీ అని బీటెక్‌లో చేరాక గానీ నాకు తెలియలేదు. దేశం తరఫున ఆడే స్కూల్ డిబేట్ పద్ధతే వేరు. వరల్డ్ స్కూల్స్ డిబేటింగ్ చాంపియన్‌షిప్ 1988లో ఆస్ట్రేలియాలో మొదలైంది. దేశానికి ఒక టీమ్. మన టీమ్‌ని ఎంపిక చేసి తయారుచేసేది ఇండియన్ స్కూల్స్ డిబేటింగ్ సొసైటీ. 2019లో బ్యాంకాక్‌లో కప్పు మనవాళ్లే గెలిచారు. క్రికెట్ కాదు కాబట్టి మనకి తెలియలేదు!

టీమ్‌లో ఐదుగురి దాకా ఉండొచ్చు, కానీ ఒక డిబేట్‌లో మాట్లాడేది ముగ్గురే. ఒక్కొక్కరికి 8 నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం వదిలేస్తే, మధ్యలో ఎప్పుడైనా ఎదుటి టీమ్‌వాళ్లు లేచి ప్రశ్న అడగొచ్చు. తీసుకోవాలా వద్దా అనేది మాట్లాడేవాళ్ల ఇష్టం. కానీ ఒక్కటీ తీసుకోకపోతే భయపడ్డారని జడ్జీలకి తెలిసిపోతుంది. మూడో స్పీకర్ పని ఇంకా కష్టం. ఆ స్పీచ్ దాదాపు అంతా ఎదుటివాళ్ల వాదనకి జవాబే, కాబట్టి ముందే రాసుకుని రావడం కుదరదు. చివర్లో ఒక్కో టీమ్‌కి 4 నిమిషాల రిప్లై. మార్కులు విషయానికి 40, చెప్పే తీరుకి 40, వ్యూహానికి 20. కొన్ని మోషన్లు ముందే ఇస్తారు. మిగతావి అప్పటికప్పుడే ఇచ్చి, ఇంటర్నెట్ లేకుండా ఒక గంట టైమిస్తారు. ఏ వైపు వాదించాలో మన చేతుల్లో ఉండదు.

మనకి కాస్త దగ్గర్లో ఉన్నది యూత్ పార్లమెంట్. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966లో ఢిల్లీ స్కూళ్లలో మొదలుపెట్టి, తర్వాత కేంద్రీయ విద్యాలయాలకి, నవోదయలకి తెచ్చింది. మన వేలేరు నవోదయ లాంటి బడుల పిల్లలకి ఉన్న ఒక దారి ఇది. పిల్లలే స్పీకర్, మంత్రులు, ప్రతిపక్షం అయ్యి సభ నడుపుతారు. రీజియన్‌లో గెలిచి, జాతీయ స్థాయి దాకా వెళ్లొచ్చు. సభా మర్యాద బాగా వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నేను చూసిన వీడియోల్లో ప్రశ్నా, జవాబూ రెండూ రిహార్సల్ చేసినట్టే ఉన్నాయి. మంత్రిగారు ఒక్కసారి కూడా తడబడరు. నిజం సభలో అలా ఉంటుందా?

ఇంతకీ వరల్డ్ స్కూల్స్‌కి వయసు 14 నుంచి 19. అంటే సరిగ్గా మన ఇంటర్. విజయవాడలో ఆ రెండేళ్లు మనం ఎక్కడున్నామో చెప్పక్కర్లేదు: స్టడీ అవర్, వీకెండ్ టెస్ట్, మళ్లీ స్టడీ అవర్. పైగా అక్కడ అంతా ఇంగ్లిష్‌లోనే. నేను చదివింది ఇంగ్లిష్ మీడియమే. కానీ ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే జవాబు ముందు తెలుగులోనే తడుతుంది. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చేలోపు నిమిషం అయిపోతుంది.

అందుకే మొన్న మన క్లబ్‌లో అదే ఫార్మాట్‌ని తెలుగులో ఆడాం. మోషన్: "ఇంటర్ రెసిడెన్షియల్ హాస్టళ్లని రద్దు చేయాలి." నాకు పడింది వద్దు అనే వైపు. రెండేళ్లు హాస్టల్‌ని తిట్టుకున్న నేను దాన్ని వెనకేసుకు రావాలి! మూడో నిమిషంలో జూనియర్ ఒకడు లేచి, "అన్నా, మరి మీ తమ్ముణ్ణి అందులో వేస్తారా?" అన్నాడు. చాలాసేపు నోరు పెగల్లేదు. తర్వాత ఏదో చెప్పాను గానీ, ఆ డిబేట్ ఓడిపోయాం.

వచ్చే శనివారం సాయంత్రం మళ్లీ ఆడుతున్నాం. ఇంకా ముగ్గురు తక్కువున్నారు. వచ్చేవాళ్లు పేరివ్వండి. కాయిన్ అక్కడే ఎగరేస్తాం.