పుష్కరిణిలో నాణెము

నంద్యాలకు తూర్పున నల్లమల పాదమున వెలసిన మహానందిలో, మండువేసవిలోను తరుగని ఊటనీటితో నిండి, అడుగున సూది పడినను కనబడునని జనులు చెప్పుకొనునంత తేటగా నుండెడి పుష్కరిణి మెట్లపై నిలిచి, నీటిక్రింద మెరయు నాణెమును తీయబోయిన యాత్రికుడు మొదట ఉత్తనీటిని పట్టుకొని నవ్వుకొనుట చూడదగిన వినోదము.

దోషము చేతిది గాదు. నీటనుండి గాలిలోనికి వచ్చునపుడు కాంతి వంగుటచేత, నిట్టనిలువుగా చూచువానికి నాలుగడుగుల లోతు మూడడుగులుగా దోచును. ఏటవాలుగా చూచిన మోసము మఱింత హెచ్చు. మెదడు ఆ దొంగలెక్కను నమ్మి, చేయి కదలకమునుపే దూరమును గుణించి పంపివేసినది. అయినను మఱుక్షణమున నాణెము దొరకుటకు కారణమేమన, మునిగిన చేయియు నాణెమువలెనే తప్పుచోట కనబడుటచేత, రెంటి నడిమి యెడము మాత్రము కంటికి ఇంచుమించు నిజముగనే తెలియును. ముందు గురిపెట్టి సాచుట, పిదప చూచుచు దిద్దుకొనుట అను ఈ రెండంచెల నడకను 1899లోనే అమెరికా మనస్తత్వవేత్త వుడ్‌వర్త్ గుర్తించెను.

వ్రేళ్ళ సంగతి ఇంకను విచిత్రము. వస్తువును చేరకముందే, ప్రయాణకాలములో ఇంచుమించు మూడింట రెండువంతులు గడచునప్పటికి, బొటనవ్రేలును చూపుడువ్రేలును ఆ వస్తువుకంటె వెడల్పుగా విచ్చుకొని, అటుపిమ్మట మూసికొనుచు వచ్చునని ఫ్రాన్సు దేశీయుడగు మార్క్ జానెరో 1980వ దశకమున చిత్రములు తీసి నిరూపించెను. ఆ విచ్చుట నాణెమునకు కొద్ది, నిమ్మపండునకు మిక్కిలి.

పట్టినపిమ్మట ఏమి చేయవలెనో ఆ తలంపును పట్టులోనే ఇమిడియుండును. బోర్లించిన చెంబును నీరు ముంచుటకై తీయువాని చేయి గమనింపుడు: బొటనవ్రేలు క్రిందికి వచ్చునట్లు మణికట్టును మెలిపెట్టి పట్టును, చెంబు నిటారైనపుడు చేయి సుఖముగా నుండుటకే ఆ తొలికష్టము. రోజెన్‌బామ్ అను పండితుడును ఆయన సహచరులును 1990లో దీనిని కడ్డీలు ఎత్తించి పరీక్షించిరి.

పుష్కరిణి దాటి పాఱిన నీరు చుట్టునున్న అరటితోటలను పండించును. గెలలోని ఒక్కొక్క పండ్లవరుసను మనవారు అత్తమందురు, హస్తమే అది. ఆ అత్తమును జాఱనంత గట్టిగాను, నలుగనంత మెత్తగాను పట్టించునవి చర్మములోని స్పర్శనాడులు. స్వీడను దేశమున యొహాన్‌సన్, వెస్ట్‌లింగ్ అనువారు 1984లో, పట్టుగుడ్డయు, మెత్తనితోలును, గరుకుకాగితమును అతికించిన వస్తువును ఎత్తించి చూడగా, జాఱుడుకు తగినట్లు వ్రేళ్ళు తామే బిగిసినవి. జాఱబోయినచో సెకనులో పదవవంతు గడువకముందే బిగువు హెచ్చినది. వ్రేళ్ళను మొద్దుబార్చు మందిచ్చి మఱల ఎత్తించినపుడు మాత్రము, పట్టుగుడ్డయు గరుకుకాగితమును ఆ వ్రేళ్ళకు ఒక్కటే అయ్యెను.