పాటల పెట్టెలో సాక్ష్యం

పాటలు వినిపించే చిన్న పరికరం న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలబడగలదా? నిలబడగలదు. అదెలాగో తెలుసుకుందాం.

2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ తొలి ఐపాడ్‌ను ప్రకటించింది. అందులో 5 గిగాబైట్ల హార్డ్ డిస్క్ ఉండేది. 2022లో ఐపాడ్‌ల శకం ముగిసినా, పాత పరికరాలు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. కంప్యూటరుకు తగిలిస్తే అలాంటి ఐపాడ్ మామూలు డిస్క్‌లా పనిచేస్తుంది. కాబట్టి అందులో పాటలే కాదు, పత్రాలు, ఫోటోలు, ఇతరుల కంప్యూటరు నుంచి కాజేసిన ఫైళ్లు కూడా దాచవచ్చు.

మరి ఫైలును చెరిపేస్తే? ఒక పుస్తకం విషయసూచికలో ఒక అధ్యాయం పేరు కొట్టేశారనుకోండి. ఆ పుటలు మాత్రం పుస్తకంలోనే ఉంటాయి కదా! విండోస్‌తో వాడే ఐపాడ్‌లోని ఫ్యాట్-32 పద్ధతిలోనూ ఇంతే. ఫైలు పేరులో మొదటి అక్షరం మారుతుంది, ఆ చోటు ఖాళీ అని నమోదవుతుంది. కొత్త సమాచారం వచ్చి పడేవరకు పాతది అక్కడే ఉంటుంది.

అందుకే స్వాధీనం చేసుకున్న పరికరాన్ని ఉన్నపళంగా కంప్యూటరుకు తగిలించకూడదు. ఐట్యూన్స్ దానంతట అదే పాటలు ఎక్కించడం మొదలుపెడితే పాత ఆనవాళ్లు చెరిగిపోవచ్చు. నిపుణులు ముందుగా రైట్ బ్లాకర్ అనే సాధనాన్ని మధ్యలో ఉంచుతారు. అది చదవనిస్తుంది, రాయనివ్వదు. తర్వాత డిస్క్ మొత్తానికి బిట్టు బిట్టుగా నకలు తీసి, రెండింటికీ హాష్ విలువ లెక్కిస్తారు. ఒక్క బిట్టు మారినా ఈ విలువ పూర్తిగా మారిపోతుంది. విలువలు ఒకటే అయితే నకలు నమ్మదగినదే. పరీక్ష అంతా ఆ నకలు మీదే జరుగుతుంది.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హాష్ విలువను పేర్కొనాలి.

ఒక్క విషయం మరవకండి. ఫైలు దొరికినంత మాత్రాన దాన్ని అక్కడ పెట్టింది ఎవరో తేలదు. పరికరం యజమాని ఒకరు, వాడినది మరొకరు కావచ్చు. ఫైలు మీది తేదీ కంప్యూటరు గడియారాన్ని బట్టి పడుతుంది. ఆ గడియారమే తప్పయితే తేదీ కూడా తప్పే. అనేక ఐపాడ్‌లలో వాటిని సిద్ధం చేసిన కంప్యూటరు పేరు నమోదై ఉంటుంది. ఆ కంప్యూటరునూ పరీక్షించి, రెండింటి ఆనవాళ్లు కలిశాకే ఒక నిర్ణయానికి రావాలి. లేకుంటే నిర్దోషికి శిక్ష పడే ప్రమాదం ఉంది.