ప్రోగ్రాము ఏ భాషలో వ్రాసిన మనకేమి?

రేడియో కొనువారు లోపలి తీగెలను గూర్చి విచారింపరు. పాట స్పష్టముగా వినవచ్చిన చాలును. అట్లే ఫోనులో బ్యాంకు లెక్క చూచుకొను గృహస్థు ఆ ప్రోగ్రామును ఏ భాషలో వ్రాసిరని అడుగడు. ఇది చాలవఱకు న్యాయమే. కాని తీగెపై తొడుగు నాసిదైనచో షాకు తగులునది కొన్నవారికే గదా!

కంప్యూటరు మెమరీని వరుసగా పేర్చిన అరలుగా భావింపుడు. ఒక్కొక్క సమాచారమునకు కొన్ని అరలు కేటాయింపబడును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన ‘సి’ భాష మిక్కిలి వేగము గలది. అయితే ప్రోగ్రాము తన అరలు దాటి పొరుగు అరలలో చేయి పెట్టినను అది తనంతట ఆపదు. ఆ జాగ్రత్త వ్రాయువారిదే. జావా, రస్ట్ వంటి భాషలు ఆ హద్దును తామే కాచును.

ఈ భేదమెంతటిదో 2014 ఏప్రిల్‌లో లోకమునకు తెలిసినది. వెబ్‌సైట్లకును మనకును నడుమ సందేశములను రహస్యముగా నడపు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను ప్రోగ్రాము ‘సి’ భాషలో వ్రాయబడినది. అందొకచోట హద్దు పరీక్షించుట మఱచిరి. చిన్న మాటను పంపి, దాని పొడవు ఎక్కువయని బొంకి, తిరిగి పంపుమని కోరినవారికి యంత్రము ఒక్కొక్క మాఱు 64 కిలోబైట్ల వఱకు పొరుగు అరలలోనిది అప్పగించెడిది. పాస్‌వర్డులును అందుండవచ్చును. ‘హార్ట్‌బ్లీడ్’ అను ఈ లోపము రెండేండ్లు బయటపడలేదు. దీనివలన కెనడా పన్నుల శాఖనుండి సుమారు 900 మంది గుర్తింపు సంఖ్యలు దొంగల పాలయినవి. తాము ఏటేట సరిదిద్దు భద్రతాలోపములలో నూటికి 70 వఱకు మెమరీకి సంబంధించినవేయని మైక్రోసాఫ్ట్ సంస్థ 2019లో వెల్లడించినది.

అట్లని భాష మాఱిన నిశ్చింతగా నుండవచ్చునా? ఉండరాదు. 2021 డిసెంబరులో సంచలనము కలిగించిన ‘లాగ్‌ఫోర్‌జె’ జావాలో వ్రాసినదే. అది అరల హద్దు దాటలేదు. చిట్టాలో వ్రాసికొనుటకు వచ్చిన మాటను ఆజ్ఞగా గైకొని పరుల ప్రోగ్రామును లోనికి రానిచ్చినది. భాష కొన్ని జాతుల తప్పులను మాత్రమే వారింపగలదు.

కావున గృహస్థు భాషల పేర్లు నేర్వనక్కఱలేదు. మన సొమ్మును, ఆరోగ్య వివరములను భద్రపఱచు సంస్థలు మాత్రము ఈ ప్రశ్న వేయవలెను: ఈ భాష ఏ తప్పులను ఆపును, ఆపలేని వానిని ఎవరు, ఎంత త్వరగా దిద్దుదురు? ఇంటివారికి మిగిలిన కర్తవ్యము స్వల్పము. దిద్దుబాటు వచ్చినదని ఫోను సూచించినపుడు, రేపు చూతమని త్రోసివేయకుండుటయే.