అరలు మారిన బీరువా

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో కొత్తవారు సైతం అంత సులువుగా దారి తప్పరు. సముద్రానికి సమాంతరంగా కొన్ని వీధులు, వాటిని ఖండిస్తూ మరికొన్ని. పసుపు గోడలు, నీలి పలకల మీద ఫ్రెంచి, తమిళ లిపులలో వీధుల పేర్లు. పాత భవనాలను బాగుచేసినప్పుడు లోపలి గదులను అవసరానుగుణంగా మార్చుకొన్నా, వీధివైపు ముఖాన్ని యథాతథంగా నిలుపుకొన్న ఇళ్ళు ఇక్కడ పెక్కు.

అటువంటి ఒక ఇంట, డ్యూమా వీధిలో, మన సంస్థ లెక్కల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దలను కలుసుకొన్నాము. స్వస్థలం యానాం. ప్రస్తుతం కుమార్తె వద్ద ఉంటున్నారు. డాస్ ఆజ్ఞలను కంఠస్థం చేసిన తరం వారిది. విభాగంలో సగంమందికి మౌస్ పట్టడం నేర్పినది వారే. అటువంటివారి బల్లమీది కంప్యూటరుపై నాలుగు నెలలుగా గుడ్డ కప్పి ఉంది.

“పాడైందా అండీ?” అని అడిగాము.

“అది బాగానే ఉంది బాబూ, పాడైంది నేనే,” అని నవ్వారు. ఆ నవ్వు మాకు రుచించలేదు.

అల్లుడుగారు కొనిచ్చిన యంత్రమది. ముప్పై ఏళ్ళ అలవాటు చొప్పున చేయి తెర ఎడమ క్రింది మూలకు పోతుంది. అక్కడ వెదికినది ఉండదు. ‘కాపీ’ అన్న మాట ఉండవలసిన చోట ఏదో బొమ్మ. “బీరువా అదే, బట్టలూ అవే. రాత్రికి రాత్రి ఎవరో అరలు మార్చిపోయారు. మనుమరాలిని పిలిస్తే వస్తుంది. రోజుకు ఎన్నిసార్లని పిలవను?” అన్నారు.

కాలం చేసిన సహోద్యోగుల భార్యలకు కుటుంబ పింఛను దరఖాస్తులు తయారుచేసి పెట్టడం వారు చాలాకాలంగా చేస్తున్న సేవ. ఇప్పుడొక దరఖాస్తు సగంలో ఆగిపోయి ఉంది.

ఇది వయసు తెచ్చిన తడబాటు మాత్రమేనని మేము అంగీకరించము. 1995 ఆగస్టు 24న విండోస్ 95తో వచ్చిన ‘స్టార్ట్’ బటన్‌ను 2012 అక్టోబరు 26న విడుదలైన విండోస్ 8లో తొలగించినప్పుడు, యువకులు సైతం యంత్రాన్ని ఆపే చోటు తెలియక వెదుకులాడారు. వ్రేలితో తాకే పలకలకూ, బల్లమీది కంప్యూటర్లకూ ఒకే ముఖం ఉండాలన్నది నాటి ఆలోచన. ఆలోచన తెలివితక్కువది కాదు. కాని ఓచర్లు ముందేసుకొని కూర్చున్న గుమాస్తా తెరను తాకడు కదా! మరుసటి ఏడు 8.1లో బటన్ తిరిగి వచ్చింది. అయితే దానిని నొక్కితే మళ్ళీ ఆ పలకలే. పాత పద్ధతి జాబితా 2015 జూలై 29న, విండోస్ 10తో గాని రాలేదు.

విచిత్రమేమంటే, ఇంత మార్పూ పైపైనే. 1993లో మొదలైన ఎన్‌టీ వంశమే నేటికీ లోపల పనిచేస్తున్నది. 2021లో వచ్చిన విండోస్ 11 సైతం లోలోపల తన సంఖ్యను 10.0 గానే చెప్పుకొంటుంది. వైట్ టౌన్ ఇళ్ళకు ఇది సరిగ్గా తిరగవేసిన వరుస!

గుడ్డ తీయించి మేమూ వారి ప్రక్కన కూర్చున్నాము. విండోస్ 11లో టాస్క్‌బార్ అమరికకు వెళ్ళి బొమ్మలను ఎడమకు జరుపుకొనే వీలుంది. షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కితే పాత జాబితా వస్తుంది. వారి యంత్రంలోనూ అటువంటి సదుపాయం దొరికింది, వెదకగా వెదకగా. మాకే అరగంట పట్టిందని చెప్పుకోవడానికి సిగ్గుపడము. కంట్రోల్‌తో సి, వి మీటలు మాత్రం నాటివే. వాటిని చూచి పెద్దలు, “ఇవైనా ఉన్నాయి,” అన్నారు.

తరువాత మమ్మల్ని ప్రక్కకు జరగమని కళ్ళజోడు సవరించుకొన్నారు. దరఖాస్తులో వితంతువు పేరు, పింఛను సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలు ఒక్కొక్కటిగా ఎక్కించారు. మనుమరాలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నది. ఆమెను పిలవలేదు. సోమవారం ఆ కాగితం టపాలో పంపాలి.